మొబైల్ నెట్‌వర్క్ మారేటప్పుడు వ్యక్తిగత ఈమెయిల్ గోప్యత: తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్‌వర్క్ మారాలనుకునేవారు ప్లాన్ ధర, సిగ్నల్, పాత నెంబరు నిలుస్తుందా లేదా అన్నవి చూసుకుంటారు. ఈమెయిల్ సంగతి చాలామందికి గుర్తుకు రాదు. వచ్చేసరికి పాత సిమ్ పనిచేయడం మానేసి ఉంటుంది. ఈ ప్రశ్నలూ సమాధానాలూ వ్యక్తిగత ఈమెయిల్ గురించినవి. ఆఫీసు ఈమెయిల్‌కు ఆయా ఆఫీసుల నియమాలు వేరుగా ఉంటాయి.

నా ఈమెయిల్ ఒక సంస్థ దగ్గర, ఫోన్ నెంబరు మరో సంస్థ దగ్గర ఉన్నాయి. నెట్‌వర్క్ మారితే ఈమెయిల్‌కు వచ్చే ముప్పేమిటి?

ఉత్తరాలు ఉన్న చోటు మారదు. మారేది ఆ పెట్టె మారు తాళంచెవి ఉన్న చోటు. పాస్‌వర్డ్ మరచిపోయామని చెప్పగానే చాలా ఈమెయిల్ సేవలు మన ఫోన్ నెంబరుకు ఒక కోడ్ పంపి, దాన్ని టైపు చేసినవారినే యజమానిగా ఒప్పుకుంటాయి. అటు మొబైల్ సంస్థ ఖాతా పాస్‌వర్డ్ మరచిపోతే, ఆ సంస్థ మన ఈమెయిల్‌కు లింకు పంపుతుంది. ఈ ఇంటి తాళంచెవిని ఆ ఇంట్లో, ఆ ఇంటి తాళంచెవిని ఈ ఇంట్లో దాచినట్టుంటుంది ఈ ఏర్పాటు. మామూలు రోజుల్లో దీనితో ఇబ్బంది లేదు. నెట్‌వర్క్ మారే రోజున మాత్రం సిమ్, సంస్థ దగ్గరి ఖాతా, ఒక్కోసారి నెంబరు, ఒక్కోసారి ఫోను కూడా ఒకేసారి కదులుతాయి. ఆ సమయంలో వీటిలో ఏ ఒక్కటి పరాయి చేతికి చిక్కినా రెండోది దాని వెంటే వెళుతుంది. అందువల్ల కింద చెప్పిన పనుల్లో అధిక భాగం ఒకే ఉద్దేశంతో ఉన్నాయి: నెట్‌వర్క్ మారకముందే ఈమెయిల్ తాళాన్ని ఫోన్ నెంబరు నుంచి విడదీయడం.

నెంబరు అదే ఉంచుకుని సంస్థను మాత్రమే మారుస్తున్నాను. అప్పుడు కూడా ఏమైనా చేయాలా?

చేయాలి, అయితే పని తక్కువ. నెంబరు మారదు కాబట్టి ఈమెయిల్ సెట్టింగుల్లో దాన్ని తీసి మళ్లీ రాయనక్కరలేదు. జాగ్రత్త పడవలసింది పాత సిమ్ ఆగిపోవడానికీ కొత్త సిమ్ పూర్తిగా పనిచేయడానికీ మధ్య ఉన్న ఎడం గురించి. కొందరికి అది కొన్ని నిమిషాలే ఉంటుంది, కొందరికి గంటలు పడుతుంది. ఫోన్ కాల్స్ ముందుగా వచ్చి, ఎస్సెమ్మెస్‌లు ఆలస్యంగా మొదలవడం కూడా మామూలే. ఆ ఎడంలో మీరు ఈమెయిల్ నుంచి లాగౌట్ అయ్యారనుకోండి, తిరిగి లోపలికి వెళ్లడానికి కావలసిన కోడ్ ఎక్కడికీ చేరదు.

కనుక మార్పుకు ముందు రోజే బ్యాకప్ కోడ్‌లు (ఎస్సెమ్మెస్ రానప్పుడు దాని బదులు వాడే కోడ్‌లు) తీసి కాగితం మీద రాసుకోండి. జీమెయిల్ ఒక విడతలో 8 అంకెల కోడ్‌లు 10 ఇస్తుంది. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది, కొత్త విడత తీసుకుంటే పాతవి చెల్లవు. వాటిని ఫొటో తీసి అదే ఫోనులో దాచుకోవడం వల్ల ఫలితం లేదు. ఫోను అందుబాటులో లేనప్పుడే కదా వాటి అవసరం వచ్చేది. ఇంట్లోని కంప్యూటర్‌లోనో, రెండో ఫోనులోనో ఈమెయిల్ తెరిచి ఉంచుకోవడం కూడా మంచిది. సిమ్ మారుతున్న రోజున పాస్‌వర్డ్ మార్చడం, ఫోనును రీసెట్ చేయడం వంటి పనులు పెట్టుకోకండి.

ఈ మార్పు మధ్యలో నా నెంబరును ఇంకెవరైనా కాజేసే అవకాశం ఉందా?

ఉంది. మోసగాడు మీరేనంటూ మొబైల్ సంస్థను నమ్మించి మీ నెంబరును తన సిమ్‌లోకి మార్పించుకోవడాన్ని సిమ్ స్వాప్ అంటారు. అదే నెంబరును మరో సంస్థకు తరలించుకుపోతే పోర్ట్ అవుట్ మోసం అంటారు. పెద్ద పేరున్నవారికి కూడా ఇది తప్పలేదు. 2019 ఆగస్టులో ట్విట్టర్ సంస్థకు అధిపతిగా ఉన్న జాక్ డోర్సీ నెంబరును చేజిక్కించుకున్నవారు, ఆ నెంబరు నుంచి ఎస్సెమ్మెస్‌లు పంపి ఆయన ఖాతాలో ట్వీట్లు వేశారు. ఆయన పాస్‌వర్డ్‌తో వారికి పనే పడలేదు. 2020లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోని 5 ప్రీపెయిడ్ నెట్‌వర్క్‌లను పరీక్షించి, సిమ్ మార్చమని అడిగినవారి గుర్తింపును సరిచూసే పద్ధతులు ఐదింటిలోనూ బలహీనంగానే ఉన్నాయని తేల్చారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫోనులో ఉన్నట్టుండి సిగ్నల్ పోవడం ఈ మోసానికి మొదటి గుర్తు. మీరు నిజంగానే నెట్‌వర్క్ మారుతున్నప్పుడు కూడా సిగ్నల్ పోతుంది. మిగతా రోజుల్లో కంగారు పెట్టవలసిన విషయాన్ని ఆ రోజున "మార్పు జరుగుతోంది కాబోలు" అని వదిలేస్తాం. అందుకే పాత సిమ్ ఏ రోజున, ఏ వేళకు ఆగిపోతుందో సంస్థను అడిగి తెలుసుకోండి. చెప్పిన వేళకు ముందే ఆగినా, ఆగి చాలాసేపైనా కొత్త సిమ్ పనిచేయకపోయినా వేరే ఫోను నుంచి రెండు సంస్థలకూ కాల్ చేయండి.

నెంబరు తరలించడానికి ఇచ్చే పోర్టింగ్ కోడ్ లేదా పిన్‌ను పాస్‌వర్డ్‌లాగే చూసుకోవాలి. దాన్ని కొత్త సంస్థకు మీరుగా ఇవ్వాలి తప్ప, మీకు కాల్ చేసి అడిగినవారికి చెప్పకూడదు. పాత సంస్థ ఖాతాకు పిన్ లేదా పోర్టింగ్ లాక్ పెట్టుకునే వీలుంటే వాడుకోండి. మీరు మారే రోజున లాక్ తీసి, కొత్త సంస్థ ఖాతా తెరిచిన వెంటనే అక్కడ మళ్లీ పెట్టుకోవాలి. చాలామంది ఈ రెండో భాగాన్ని మరచిపోతారు.

ఎస్సెమ్మెస్ కోడ్ నమ్మదగింది కాకపోతే దాని బదులు ఏది వాడాలి?

ఎస్సెమ్మెస్ కోడ్ అసలేమీ లేకపోవడం కంటే మేలు. అయినా అది మీ చేతిలోని ఫోనుకు రాదు, మీ నెంబరుకు వస్తుంది. ఆ నెంబరు ఏ సిమ్‌లో ఉందో నిర్ణయించేది మొబైల్ సంస్థ. ఫోన్ నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పాత ఎస్ఎస్7 వ్యవస్థలో లోపాలున్నాయి. 2017లో జర్మనీలో దొంగలు వాటిని ఆసరాగా చేసుకుని బ్యాంకు కోడ్‌లున్న ఎస్సెమ్మెస్‌లను తమవైపు మళ్లించుకున్నారు. అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ తన మార్గదర్శకాల్లో ఫోన్ నెట్‌వర్క్ ద్వారా వచ్చే కోడ్‌లను పరిమితంగా మాత్రమే వాడవలసిన పద్ధతుల్లో చేర్చింది.

దీనికి బదులుగా వాడదగినవి రెండున్నాయి. మొదటిది ఆథెంటికేటర్ యాప్. అది సాధారణంగా 30 సెకన్లకోసారి మారే కోడ్‌ను ఫోనులోనే తయారుచేస్తుంది. సిమ్ లేకపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది కాబట్టి నెట్‌వర్క్ మారినా దానికి పట్టింపు లేదు. రెండోది పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ పరికరంలోనే ఉండి, వేలిముద్రతోనో స్క్రీన్ లాక్‌తోనో పనిచేసే డిజిటల్ తాళంచెవి) లేదా విడిగా కొనుక్కునే భద్రతా కీ. దొంగ వెబ్‌సైటులో ఇవి స్పందించవు కనుక, మనం మోసపోయినా ఇవి మోసపోవు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలంటే నేను పాస్‌కీ వైపే మొగ్గుతాను.

ఒక హెచ్చరిక. ఆథెంటికేటర్ యాప్ పెట్టుకున్నాక కూడా చాలామంది ఖాతాల్లో ఫోన్ నెంబరు "పాస్‌వర్డ్ మరచిపోతే" అనే దారిలో అలాగే మిగిలిపోతుంది. ముందు తలుపుకు ఎంత గట్టి తాళం వేసినా పెరటి తలుపు తీసి ఉంటే లాభం లేదు. రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగే ఏర్పాటు) పేజీ, రికవరీ పేజీ వేర్వేరుగా ఉంటాయి. రెండూ తెరిచి చూడండి. నెంబరును తీసేసే ముందు రికవరీ కోసం మరో ఈమెయిల్ చిరునామా, బ్యాకప్ కోడ్‌లు సిద్ధంగా ఉన్నాయని నిర్ధారించుకోండి. లేకపోతే దొంగతో పాటు మీరు కూడా బయటే ఉండిపోతారు.

పాత నెంబరు వదిలేసి కొత్తది తీసుకుంటున్నాను. ఏ క్రమంలో చేయాలి?

అన్నింటిలోకీ ఎక్కువ ఓపిక కావలసింది ఈ సందర్భంలోనే. వదిలేసిన నెంబరును మొబైల్ సంస్థ కొంతకాలం ఆపి, తర్వాత మరొకరికి ఇచ్చేస్తుంది. ఆ కొత్త వ్యక్తికి మీ మీద ఏ దురుద్దేశమూ లేకపోయినా, మీ ఈమెయిల్ కోడ్‌లు అతని ఫోనుకు వెళతాయి. 2021లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు అమెరికాలో కొత్త వినియోగదారులకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న 259 నెంబర్లను పరిశీలిస్తే, వాటిలో 171 నెంబర్లకు ప్రసిద్ధ వెబ్‌సైట్లలో అప్పటికే ఖాతాలున్నాయి. వాటిని వదిలేసినవారు ఖాతాల్లోంచి తీసేయడం మరచిపోయారన్నమాట.

కనుక కొత్త నెంబరు తీసుకున్నాక కూడా పాతదాన్ని కొన్నాళ్లు బతికించి ఉంచండి. రెండూ పనిచేస్తున్న ఆ వ్యవధిలో ముందుగా ప్రధాన ఈమెయిల్ ఖాతాలో నెంబరు మార్చండి. ఆ తర్వాత ఆ ఈమెయిల్‌కు రికవరీగా ఉన్న రెండో ఈమెయిల్‌లో మార్చండి. ఇది మరుగున ఉండిపోయే ఖాతా కాబట్టి దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. డబ్బుతో సంబంధమున్న ఖాతాలు దాని తర్వాత. ఏయే ఖాతాల్లో పాత నెంబరు ఉందో గుర్తులేకపోతే, పాత ఫోనులోని ఎస్సెమ్మెస్‌లలో "కోడ్", "ఓటీపీ" వంటి మాటలతో వెతకండి. ఏళ్లనాటి ఖాతాలు కూడా బయటపడతాయి.

మార్చిన వెంటనే పాత సిమ్ పారేయకండి. రికవరీ నెంబరు మార్చిన తర్వాత కూడా 7 రోజులపాటు పాత నెంబరుకు కోడ్ పంపే అవకాశం ఉంటుందని గూగుల్ చెబుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రతా వివరాలన్నిటినీ ఒకేసారి తీసేసి కొత్తవి పెడితే అవి అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది. ఈ జాప్యం విసుగు పుట్టించే మాట నిజమే కానీ, మీ ఖాతాలోకి చొరబడినవాడు నెంబరు మార్చేసినప్పుడు మీకు మిగిలే వ్యవధి కూడా అదే.

నా ఈమెయిల్ చిరునామాయే పాత మొబైల్ సంస్థ ఇచ్చింది. నెట్‌వర్క్ మారితే ఏమవుతుంది?

సంస్థను బట్టి ఉంటుంది. కొన్ని వెంటనే మూసేస్తాయి, కొన్ని కొంత గడువిస్తాయి, కొన్ని రుసుము తీసుకుని ఉంచుతాయి. సంస్థతో ఉన్నంత మాత్రాన కూడా భరోసా లేదు: అమెరికాలో వెరిజాన్ అనే మొబైల్ సంస్థ 2017లో తన ఈమెయిల్ సేవ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించి, చిరునామా ఉంచుకోదలచినవారిని ఏఓఎల్ అనే మరో ఈమెయిల్ సేవకు పంపింది. ఇలాంటి చిరునామా ఉన్నవారు నెట్‌వర్క్ మార్పును కొన్ని వారాలు వాయిదా వేసి, ముందు ఈమెయిల్‌ను ఏ మొబైల్ సంస్థతోనూ ముడిపడని సేవకు మార్చుకోవడం మంచిది. పాత ఉత్తరాలను డౌన్‌లోడ్ చేసుకుని, కొత్త ఉత్తరాలు కొత్త చిరునామాకు వచ్చేలా ఫార్వర్డింగ్ పెట్టి, ఇంకా పాత చిరునామాకు ఎవరు రాస్తున్నారో చూస్తూ ఒక్కొక్క ఖాతాలో మార్చుకుంటూ పోవాలి. సంస్థ కనెక్షన్ రద్దు చేయకముందే సర్వర్‌లోని ఉత్తరాలను మీరే చెరిపేయండి.

ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోనులోనే పనిచేసే సిమ్) తీసుకుంటే క్యూఆర్ కోడ్‌ను ఈమెయిల్‌కు పంపారు. అది క్షేమమేనా?

నాకు తెలిసినంతలో నెట్‌వర్క్ మార్పులో జనం అతి తక్కువగా పట్టించుకునే విషయం ఇదే. ఆ క్యూఆర్ కోడ్ బొమ్మలా కనిపించినా, అది సిమ్ కార్డుతో సమానం. సాధారణంగా దాన్ని మొదట స్కాన్ చేసిన ఫోనుకే నెంబరు దక్కుతుంది. మీ ఈమెయిల్‌లోకి ముందే ఎవరైనా చొరబడి ఉంటే, మీరు కాఫీ తాగి వచ్చేలోపు మీ నెంబరు వారి ఫోనులో పనిచేయడం మొదలుపెడుతుంది. అందువల్ల ఈ-సిమ్ అడగక ముందే ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితా చూసి, తెలియనివాటిని తీసేయండి. కోడ్ రాగానే వాడండి, వాడాక ఆ ఉత్తరాన్ని చెత్తబుట్టలోంచి కూడా తొలగించండి. స్కాన్ చేస్తే "ఇప్పటికే వాడారు" అని వస్తే రేపు చూద్దామనుకోకుండా అప్పుడే సంస్థకు తెలియజేయండి. కోడ్‌ను సంస్థ యాప్ ద్వారానో, దుకాణంలో నేరుగానో తీసుకునే వీలుంటే అదే మేలు.

కొత్త సంస్థ ఈమెయిల్ చిరునామా అడుగుతోంది. ఏది ఇవ్వాలి?

ప్రధాన చిరునామా ఇవ్వనక్కరలేదు. బ్యాంకు, ఆరోగ్యం, కుటుంబం కోసం వాడే చిరునామా ప్రకటనల జాబితాలకు ఎక్కడం ఎవరికీ ఇష్టముండదు. పైగా ఏనాడైనా ఆ సంస్థ నుంచి వినియోగదారుల వివరాలు బయటికి పొక్కితే, మీ పేరు, నెంబరు, ప్రధాన ఈమెయిల్ మూడూ కలిసి దొంగల చేతికి చేరతాయి. జీమెయిల్, ఔట్‌లుక్ వంటి సేవల్లో చిరునామాలోని పేరు తర్వాత ప్లస్ గుర్తు, ఆపై మీకు నచ్చిన మాట చేరిస్తే ఉత్తరం మీకే వస్తుంది, ఎవరికిచ్చిన చిరునామాకు వచ్చిందో కూడా తెలుస్తుంది. అయితే అసలు చిరునామా అందులో బయటికి కనబడుతూనే ఉంటుంది, కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. ఆపిల్ వారి హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే వంటి మారుపేరు సేవలు అసలు చిరునామాను పూర్తిగా దాస్తాయి. ఏది వాడినా అది మీ చేతిలో చాలాకాలం ఉండేదై ఉండాలి, ఎందుకంటే ఆ సంస్థ ఖాతా పాస్‌వర్డ్ మార్చే లింకు దానికే వస్తుంది. పది నిమిషాల్లో మాయమయ్యే తాత్కాలిక చిరునామాలు దీనికి పనికిరావు.

మొబైల్ సంస్థ నా ఈమెయిళ్లు చదవగలదా?

ఈనాటి ప్రధాన ఈమెయిల్ సేవలతో అయితే చదవలేదు. ఫోనుకూ ఈమెయిల్ సర్వర్‌కూ మధ్య ప్రయాణించేది ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులు చదవలేని సంకేతాల్లోకి మారి ఉంటుంది. జీమెయిల్ 2014 నుంచి వెబ్‌లో ఎన్‌క్రిప్షన్ లేని దారిని పూర్తిగా మూసేసింది. మీరు ఏ సేవకు కనెక్ట్ అవుతున్నారో, ఎప్పుడు, ఎంత డేటా వాడారో మాత్రం సంస్థకు తెలిసే వీలుంది. ఎన్‌క్రిప్షన్ లేని దారి దొరికితే సంస్థలు ఏం చేయగలవో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది: వెరిజాన్ 2012 నుంచి తన వినియోగదారుల మామూలు వెబ్ రాకపోకల్లో ప్రతి ఒక్కరినీ గుర్తుపట్టే ఒక సంఖ్యను చొప్పించింది. అది 2014లో బయటపడి, 2016లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 13.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

విడిగా ఈమెయిల్ యాప్ వాడేవారు సెట్టింగుల్లో పోర్టు సంఖ్యలు (యాప్ ఏ దారిలో సర్వర్‌తో మాట్లాడుతుందో చెప్పే అంకెలు) చూడండి. ఉత్తరాలు అందుకోవడానికి 993 లేదా 995, పంపడానికి 465 లేదా ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి చేసిన 587 ఉండాలి. ఏళ్ల క్రితం పెట్టిన ఖాతాల్లో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి కాని 143, 110 ఇంకా కనిపిస్తుంటాయి.

నా నెంబరు ఇంకొకరి పేరున ఉన్న ఫ్యామిలీ ప్లాన్‌లో ఉంది. ఏమైనా తేడా ఉంటుందా?

పెద్ద తేడానే ఉంది. సంస్థ దృష్టిలో ఆ నెంబరు యజమాని మీరు కాదు, ఖాతా ఎవరి పేరున ఉందో వారు. వారు అడిగితే డూప్లికేట్ సిమ్ వస్తుంది, నెంబరు తరలిపోతుంది, ఆగిపోతుంది కూడా. కుటుంబంలో సఖ్యత ఉన్నప్పుడు ఇది గుర్తుకు రాదు. విడాకుల సమయంలోనో, తగాదాల్లోనో "నా ఈమెయిల్ వాళ్లు చదువుతున్నారు" అనే అనుమానం మొదలైతే, చూడవలసిన కారణాల్లో ఇదొకటి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఊరికే రాలేదు. అటువంటి పరిస్థితిలో ఉన్నవారు నెట్‌వర్క్ మారుతున్నట్టు ఎవరికీ తెలియకముందే, ఆ ప్లాన్‌లో లేని ఫోను నుంచి ఈమెయిల్ రికవరీ వివరాలు మార్చుకోవాలి. నెంబరును తమ పేరున మార్పించుకోవడం తర్వాతి సంగతి.

పాత ఫోను మార్పిడికి ఇచ్చేస్తున్నాను. సిమ్ తీసేస్తే చాలా?

చాలదు. ఆథెంటికేటర్ యాప్‌ను కొత్త ఫోనుకు తరలించి, అక్కడ వచ్చే కోడ్‌తో ఒకసారి లాగిన్ అయి చూసుకున్నాకే పాత ఫోనులో ఖాతాల నుంచి లాగౌట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఆ తర్వాత ఈమెయిల్ ఖాతాలోని పరికరాల జాబితా నుంచి కూడా పాత ఫోనును తొలగించండి. పాత సిమ్ కార్డును చిప్ మీదుగా కత్తిరించి పారేయండి. దుకాణంలో "మేమే సెట్ చేసి ఇస్తాం" అంటే మర్యాదగా వద్దనండి. వారు మీ ఎదుట టైపు చేసే పాస్‌వర్డ్ వారికి తెలిసినట్టే.

వాయిస్‌మెయిల్ గురించి కూడా ఆలోచించాలా?

మీ నెట్‌వర్క్‌లో అది ఉంటే, ఆలోచించాలి. కొన్ని ఈమెయిల్ సేవలు కోడ్‌ను కాల్ ద్వారా చదివి వినిపిస్తాయి. మీరు ఎత్తకపోతే అది వాయిస్‌మెయిల్‌లో రికార్డు కావచ్చు. కొత్త సంస్థలో వాయిస్‌మెయిల్ పెట్టె కొత్తగా, అందరికీ తెలిసిన పిన్‌తో మొదలవవచ్చు. మొదటి రోజే పిన్ మార్చండి, వాడకపోతే ఆపేయండి.

నెట్‌వర్క్ మారినప్పటి నుంచీ "మీ పోర్టింగ్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి" అంటూ ఈమెయిళ్లు వస్తున్నాయి. నిజమైనవేనా?

చాలావరకు కావు. మోసగాళ్లు ఇలాంటివాటిని వేలమందికి పంపుతారు. మీరు నిజంగానే నెట్‌వర్క్ మారుతున్నారు కాబట్టి అవి మీకోసమే రాసినట్టు అనిపిస్తాయి. లింకు నొక్కకుండా, సంస్థ యాప్ తెరిచి లేదా బిల్లు మీద ఉన్న నెంబరుకు కాల్ చేసి విషయం తెలుసుకోండి. ఓటీపీ అడిగిన వెంటనే సంభాషణ ముగించవచ్చు.

పాత సంస్థ దగ్గర ఉన్న నా ఈమెయిల్ చిరునామాను తొలగించమని అడగవచ్చా?

అడగవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ వంటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు ఈ హక్కును రాతపూర్వకంగా ఇచ్చాయి. బిల్లులు, కాల్ వివరాల వంటివాటిని చట్టప్రకారం కొంతకాలం ఉంచవలసి వస్తే సంస్థ వాటిని తొలగించదు. ప్రకటనల జాబితా నుంచి తీసేయమని మాత్రం గట్టిగా అడగండి, అభ్యర్థనను ఈమెయిల్‌లో పంపి ప్రతి దాచుకోండి. అంతకుముందు, పాత బిల్లుల ప్రతులు మీకు అవసరమైతే డౌన్‌లోడ్ చేసుకోండి.

నెంబరు పోయింది, ఈమెయిల్‌లోకి కూడా ఎవరో వెళ్లినట్టున్నారు. మొదట ఏం చేయాలి?

ఇంకా లాగిన్ అయి ఉన్న కంప్యూటర్ ఉంటే దాని ముందు కూర్చుని, మొదట ఈమెయిల్ రికవరీ వివరాల్లోంచి పోయిన నెంబరును తీసేయండి. తర్వాత పాస్‌వర్డ్ మార్చి, మిగతా పరికరాలన్నిటినీ లాగౌట్ చేయండి. ఈ క్రమం ముఖ్యం. నెంబరును ఉంచి పాస్‌వర్డ్ మాత్రమే మారిస్తే, వాడు మరో కోడ్ తెప్పించుకుని నిమిషంలో తిరిగి వస్తాడు. ఇంట్లో మరొకరుంటే అదే సమయంలో వారి ఫోను నుంచి మొబైల్ సంస్థకు కాల్ చేయించి నెంబరును ఆపించండి. ఆపై బ్యాంకుకు.

లోపలికి తిరిగి వచ్చాక ఫార్వర్డింగ్, ఫిల్టర్లు, యాప్ పాస్‌వర్డ్‌లు (ఇతర యాప్‌ల కోసం విడిగా ఇచ్చే పాస్‌వర్డ్‌లు), ఖాతాకు అనుసంధానమైన ఇతర యాప్‌ల పేజీలు ఒక్కొక్కటిగా తెరిచి చూడండి. చొరబడినవారు తరచుగా వదిలిపెట్టి వెళ్లేది ఒక చిన్న ఫిల్టర్: బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలను నేరుగా చెత్తబుట్టకు పంపి, ఒక ప్రతిని తమ చిరునామాకు చేరవేసేది. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది పోదు. మీరు చేత్తో తీసేయాలి.